కెజయా విసిరిన తాళంచెవి

గ్లెండా థర్టిల్ పాత మెటల్ డిటెక్టర్ చచ్చిపోయింది. ఆ చావేదో ఇంట్లో, మూలగదిలో, ఎవరూ చూడకుండా చచ్చినా బాగుండేది. పొలాల్లో పాతకాలం నాణేలూ నగలూ వెతుక్కునే మార్ల్‌హమ్ డిటెక్టర్ల క్లబ్బు మొత్తం గోధుమ కోసిన కొయ్యకాళ్ళ మీద బారుగా నడుస్తున్న ఆదివారం పొద్దున, అందరూ చూస్తుండగా, ఒక్కసారి కీచుమని ఊరుకుంది. గ్లెండా దాన్ని తట్టింది. బ్యాటరీలు మార్చింది. కింద పళ్ళెంలా ఉండే కాయిల్‌కి చుట్టిన నల్లటేపు విప్పి మళ్ళీ చుట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

క్లబ్బు పెద్ద నెవిల్ గూచ్ అందరికంటే ముందు వచ్చి నిలబడ్డాడు. నెవిల్ బస్సు నడిపి రిటైరైన మనిషి. మంచివాడే కాని, సలహా ఇవ్వకుండా మనిషి పక్కనుంచి పోలేడు.

"ఇంక దానికో దణ్ణం పెట్టెయ్ గ్లెండా. ఇప్పుడు మాంఛి మిషన్లు వస్తున్నాయి. ఇనుము మీద అసలు నోరెత్తవు. వెండో బంగారమో తగిలితేనే పలుకుతాయి" అన్నాడు.

"ఇనుము మీద నోరెత్తని మిషన్‌ని నేనేం చేసుకోను?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఈ సరదా ఉన్నవాళ్ళకి ఇనుమంటే చీదర. పొలంలో అడుగడుక్కీ మేకులు, బోల్టులు, నాగళ్ళ ముక్కలు. మోకాళ్ళ మీద కూలబడి, నడుం పడిపోయేలా గుంత తవ్వితే, అడుగున తుప్పు మేకు ఒకటి వెక్కిరిస్తూ కనిపిస్తుంది. అందుకే కొత్త మిషన్ కొన్నవాడు మొట్టమొదట చేసే పని, ఇనుము మీద దాని నోరు నొక్కెయ్యడం. క్లబ్బు మొత్తం మీద ఆ పని చెయ్యనిది గ్లెండా ఒక్కతే. పలికిన ప్రతిదాన్నీ తవ్వేది. ఆమెకి వాళ్ళు మేకుల మహారాణి అని పేరు పెట్టుకున్నారు. ఆమె ముందే అనేవారు కూడా.

గ్లెండాకి అరవై ఎనిమిదేళ్ళు. బడి మానేసిన ఏడాదే టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో చేరి, అది మూతపడేదాకా అక్కడే పనిచేసింది. సూపర్‌వైజర్ అరిస్తే తిరిగి అరిచే మనిషి కాబట్టి, చేరినరోజు ఏ బల్ల ముందు నిలబడిందో చివరిరోజు కూడా ఆ బల్ల ముందే నిలబడింది. ఫ్యాక్టరీ వాళ్ళు పొమ్మంటూ చేతిలో పెట్టిన డబ్బుతో సోఫా కొందామన్నాడు మొగుడు రాన్. ఈమె డిటెక్టర్ కొంది. రాన్ పోయి చాలా కాలమైంది. పాత సోఫా మాత్రం ఇప్పటికీ ఉంది, మధ్యలో గుంతపడి.

అందరూ ఆమెకి ఇనుము పిచ్చి అనుకునేవారు. పిచ్చేమీ కాదు. ఆమె వెతుకుతున్న వస్తువే ఇనుముది. ఎక్కడుందో కూడా తెలుసు. క్రిస్పిన్ ఆల్డ్రెడ్ ఎస్టేటులో, వాగువైపు దిగిపోయే చేలో ఎక్కడో ఉంది. ఒకప్పుడు ఆ చేను చివర దిగువ వరస అని కూలీల ఇళ్ళు ఉండేవి. ఆ వరసలో ఆఖరి ఇల్లు, మంచినీళ్ళ పంపు పక్కది, ఆమె అమ్మమ్మ కెజయా మేస్‌ది.

కెజయాది అనడం కూడా తప్పే. ఇల్లు ఎస్టేటుది. పని ఉన్నంతకాలం ఇల్లు ఉంటుంది, పని పోయిననాడు ఇల్లూ పోతుంది. దగ్గర దగ్గర వందేళ్ళ కిందట, కూలి తగ్గిస్తామన్నందుకు నార్ఫోక్ జిల్లా పొలం కూలీలు సమ్మె చేసిన ఏడాది, గుర్రాల పనివాడైన కెజయా మొగుడు కూడా చేలో దిగనన్నాడు. ఎస్టేటు మేనేజరు పోలీసులను వెంటబెట్టుకుని వచ్చాడు. మంచం, ఉయ్యాల, కుండా చట్టీ రోడ్డున పడ్డాయి. అన్నీ బయటికి చేరాక మేనేజరు చెయ్యి చాపి తాళంచెవి అడిగాడు. కెజయా గుమ్మం దగ్గరికి వెళ్ళింది. తలుపు లాగి తాళం వేసింది. ఎడమచేత్తో తాళంచెవిని చేలోకి, దుంపమొక్కల్లోకి, బలం కొద్దీ విసిరేసింది. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు, చేశాను, తాళంచెవి చేతికివ్వాలని నాకెవరూ చదివి వినిపించలేదే అందట. మేనేజరు తన దొర తలుపుని తనే గొడ్డలితో పగలగొట్టించుకోవాల్సి వచ్చింది.

ఈ కథని కెజయా బతికున్నంతకాలం చెప్పింది. పొయ్యి దగ్గర కూర్చుని, కూరలో పిండి ఉండలు వేస్తూ, గొడ్డలి మాట వచ్చినప్పుడల్లా ఆగి నవ్వేది. ఆ తాళంచెవి పట్టుకునే తల విరిగిపోతే, ఊరి కమ్మరి నాగలి గొలుసులోంచి ఒక లింకు తీసి అతికించాడని, లోకంలో అలాంటి తాళంచెవి ఇంకోటి లేదని చెప్పేది. చిన్నప్పుడు గ్లెండా ఆమె ఒడిలో కూర్చుని ఈ కథే మళ్ళీ మళ్ళీ అడిగేది.

గ్లెండా అమ్మ మాత్రం అదంతా ఉత్తదే అనేది. ఆవిడకి పరువు ముఖ్యం. మీ అమ్మమ్మ అందరిలాగే ఏడుస్తూ తాళంచెవి ఇచ్చేసింది, ముసలితనంలో గొప్పలు పోతోంది అని కొట్టిపారేసేది. పోనీ అది ఇంటి గొడవ అనుకుందామంటే, ఎస్టేటు వాళ్ళు పాత కొట్టాన్ని కాఫీ షాపు చేసి గోడలకి నాగళ్ళూ గుర్రపు జీన్లూ వేలాడదీశారు. పాత ఫొటోల కింద ఒక బోర్డు పెట్టారు. దిగువ వరస కుటుంబాలు కాలక్రమేణా మెరుగైన ఇళ్ళకు తరలివెళ్ళాయని దానిమీద రాశారు. కాలక్రమేణా అట. ఆ బోర్డు చదివినరోజు గ్లెండాకి ఒళ్ళు మండిపోయింది. తింటున్న కేకు సగంలో వదిలేసి వచ్చేసింది. అమ్మమ్మ అబద్ధాలకోరు కాదని తేల్చేది ఆ తాళంచెవి ఒక్కటే.

పాత మిషన్ చచ్చిన ఆ ఆదివారమే ఇంకో కబురు తెలిసింది. దిగువ వరస చేలో దుంపతోటలకి నీళ్ళు నిలవచేసే చెరువు తవ్వుతారట. సెప్టెంబరు దాటగానే తవ్వే యంత్రాలు దిగుతాయట. పోయేముందు ఆ చేను ఒకసారి చూద్దామని గ్లెండా అంటే, క్లబ్బులో ఎవరూ కలిసిరాలేదు. మూడేళ్ళుగా తిరిగాం, అది చచ్చిన చేను, అందులో ఏమీ లేదు అని తేల్చేశారు. ఇనుము మీద మిషన్ల నోళ్ళు నొక్కేసి తిరిగితే ఏ చేనైనా చచ్చిన చేనే.

మర్నాడే ఆమె వంటింటి పొయ్యి మార్చడానికి దాచుకున్న డబ్బు తీసుకుని డీరమ్ వెళ్ళే బస్సెక్కింది. అక్కడ లెనర్డ్ స్పూనర్ అనే ఆయన డిటెక్టర్లు అమ్ముతాడు. కొట్టు వెనక చిన్న గడ్డినేల ఉంది. అందులో నాణేలూ, గుండీలూ, మేకులూ పాతిపెట్టి, కొనడానికి వచ్చినవాళ్ళని మిషన్ ఊపి చూసుకోమంటాడు.

స్పూనర్ ముందు ఖరీదైనదాన్ని తెచ్చాడు. తెర మీద రంగురంగుల అంకెలు, వైరు లేని హెడ్‌ఫోన్లు. మేకు మీద ఊపితే కిక్కురుమనలేదు. దాని గొప్పదనమే అదని అతను మురిసిపోయాడు.

"నోరు మూసుకునేది కాదు నాయనా. నోరు విప్పేది చూపించు" అంది గ్లెండా.

స్పూనర్ ఒక క్షణం ఆమెని చూశాడు. ఇనుము మీద ఎక్కువ వాగుతోందని మిషన్లు వెనక్కి తెచ్చేవాళ్ళే గాని, వాగేది కావాలన్నవాళ్ళు ఇంతవరకూ అతని కొట్టు తొక్కలేదు. లోపలికి వెళ్ళి, అలంకారాలేమీ లేని మామూలు మిషన్ ఒకటి తెచ్చాడు. ఇందులో ఇనుముకి వేరే గొంతు ఉంటుంది, దాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చన్నాడు. మేకులు గుంపుగా ఉన్నచోట పెద్ద కాయిల్ పనికిరాదు, అన్నీ కలిసి ఒకే మోత అయిపోతాయి, సాసరంత చిన్నది పెట్టుకుంటే దేని మాట దానిదిగా వినిపిస్తుందని చెప్పాడు. గ్లెండా శ్రద్ధగా విన్నది. అప్పుడు కోటు జేబులోంచి పాత గొలుసు లింకు తీసి గడ్డిలో పడేసి, దానిమీద ఊపింది.

మేకుకి గుర్రుమన్న మిషన్ లింకు మీద సన్నగా, తెగితెగి, వెండి దొరికినట్టే పాడింది.

"అది అబద్ధం చెబుతోందమ్మా. గుండ్రంగా మూసుకుపోయిన ఇనుమైతే మిషన్ మోసపోతుంది. వెండి అనుకుంటుంది. అలా కాకుండా లోపల ఒక జల్లెడ ఉంటుంది. ఉండండి, వేస్తాను."

"దాని జోలికి పోకు" అంది గ్లెండా. అన్నాక గొంతు తగ్గించి, అతనికి మనస్ఫూర్తిగా థాంక్స్ చెప్పింది. ఇన్నేళ్ళుగా ఏ గొంతు కోసం చెవులు రిక్కించాలో ఆమెకి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

అనుమతి అడగడానికి ఎస్టేటు ఆఫీసుకి వెళితే క్రిస్పిన్ ఆల్డ్రెడ్ నవ్వుతూనే ఒప్పుకున్నాడు. ఇప్పటి ఆల్డ్రెడ్ చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి ఊళ్ళో ముసలివాళ్ళకి టర్కీలు పంపుతాడు. అందరితో ఉన్న ఒప్పందమే ఈమెతోనూ. దొరికినదాంట్లో సగం సగం, తవ్విన ప్రతి గుంతా పూడ్చాలి. వెళ్ళి మీ మేకులు ఏరుకోండి గ్లెండా అని చెయ్యి కలిపాడు.

ఆమె ఏరుకుంది. రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో టీ, రొట్టెల మధ్య చీజూ ఊరగాయా పెట్టుకుని సైకిలు మీద వెళ్ళేది. బకెట్ల కొద్దీ మేకులు తీసింది. మంచపు స్ప్రింగులు తీసింది. పగిలిన ఇస్త్రీపెట్టె, పొయ్యి తలుపు ఒకటి దొరికాయి. ఆ పొయ్యి తలుపుని పారెయ్యబుద్ధి కాలేదు. ఎవరో ఒకావిడ రోజూ వేసీ తీసీ చేసిన తలుపు అది. మెరుగైన ఇంటికి కాలక్రమేణా తరలివెళ్ళే మనిషి పొయ్యి తలుపు వదిలేసి పోతుందా అని చేనుని అడిగింది గ్లెండా.

పంపు గొట్టం మొదలు నేలలోనే ఉంది. దానిమీద మిషన్ గుయ్యిమని మోగగానే అమ్మమ్మ ఇల్లు ఎక్కడో తెలిసిపోయింది. నల్లమసి కలిసిన మట్టిలో గుమ్మం ఉండాల్సిన చోటు చూసుకుని, అక్కడ నిలబడి, ఒక రాయి తీసి ఎడమచేత్తో చేలోకి విసిరింది. ఎడమచేతి వాటం ఆమెకి అమ్మమ్మ నుంచే వచ్చింది.

ఆ పక్క చేలో తిరుగుతున్న నెవిల్ ఇది చూసి, ఆమెకి మతి పోయిందనుకుని పరుగున వచ్చాడు. అప్పుడు చెప్పింది అతనికి, మొదటిసారి, కథంతా.

"ఊళ్ళో ఇలాంటి కథలు ఇంటికొకటి ఉంటాయి తల్లీ" అన్నాడు నెవిల్, మెత్తగానే. "దీనికోసమా పొయ్యి మార్చుకోకుండా ఇది కొన్నావు? తుక్కు కొట్టువాడు కూడా ఇనుము మీద ఇంత పెట్టడు."

"నువ్వు పెట్టలా, సీసా మూతల మీద?"

నెవిల్ కొత్త మిషన్‌కి ఆ ఏడాది దొరికినవి ఎక్కువగా అవే. అతనూ ఒక రాయి తీసి విసిరాడు. నువ్వు అరవై దాటినదానివి, ఆవిడ వయసులో ఉన్న మనిషి, పైగా కోపంలో ఉంది, ఇంకా దూరం వెళ్ళి ఉంటుంది అన్నాడు. అలా మొదటిసారి పనికొచ్చే సలహా ఒకటి ఇచ్చి, తన మిషన్ తెచ్చుకుని, ఇనుము మీద దాని నోరు విప్పాడు. హెడ్‌ఫోన్లలో ఒక్కసారిగా చేలో ఉన్న మేకులన్నీ అరిచాయి. టీ తాగేదాకా ఓర్చుకుని, ఇది మనుషులు వినే మోత కాదని చెప్పి ఇంటికి పోయాడు.

గ్లెండా విన్నది. నెలంతా విన్నది. చెవుల్లో మేకులు నిద్రలోనూ గుర్రుమనేవి. మోకాళ్ళు వాచాయి. చేను గేటు దగ్గర పసుపు రంగు యంత్రం ఒకటి వచ్చి ఆగిన రోజున మొదటిసారి ఆమెకి భయం వేసింది. అమ్మ మాటే నిజమేమో, అమ్మమ్మ ఏడుస్తూ ఇచ్చేసిందేమో అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే కోపం వచ్చి, టీ కూడా తాగకుండా నెవిల్ రాయి పడినచోటు దాటి నడిచింది.

అక్కడ గుర్రుగుర్రుల మధ్య ఏదో సన్నగా పాడింది. తెగింది. మళ్ళీ పాడింది.

గ్లెండా మోకాళ్ళ మీద కూర్చుంది. పారతో కాదు, చేత్తో తీసింది మట్టి. ముందు లింకు తగిలింది. దాని వెనక తుప్పుతో లావెక్కిన కాడ, కాడ చివర పళ్ళు. అరచెయ్యంత తాళంచెవి, నాగలి గొలుసు తలతో.

"నువ్వు అబద్ధం చెప్పలేదే ముసలీ" అని పైకే అంది. ఆ తడిమట్టిలో చతికిలబడి ఏడ్చింది. తర్వాత గొడ్డలి గుర్తొచ్చి, కెజయా ఎక్కడ ఆగి నవ్వేదో అక్కడే నవ్వింది.

యంత్రాన్ని చూసుకోవడానికి ఆల్డ్రెడ్ ఆ మధ్యాహ్నమే వచ్చాడు. గ్లెండా ఫోన్ చేస్తే నెవిల్ కూడా అప్పుడే చేరాడు. ఆమె దాచలేదు. ఏం దొరికిందో ఎస్టేటుకి చూపించడం ఒప్పందం. ఆల్డ్రెడ్ తాళంచెవిని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి నిజంగానే సంబరపడ్డాడు.

"అద్భుతంగా ఉంది. కాఫీ షాపులో గాజుపెట్టెలో పెడదాం. మేస్ కుటుంబం కానుక అని కింద మీ పేరు కూడా వేయిస్తాను."

"ఇది చేలోకి ఎలా వచ్చిందో కూడా వేయిస్తారా?"

ఆల్డ్రెడ్‌కి ఆ సంగతి కొత్త కాదని మొహం చూస్తేనే తెలిసింది. అతను నవ్వు పోనివ్వకుండానే చెప్పాడు. ఎప్పటివో గొడవలు, అందరూ పోయారు, పిల్లలు కేకులు తినే చోట అవన్నీ ఎందుకు, పాత ఇంటి తాళంచెవి అంటే చాలదా?

"చాలదు. ఇటివ్వండి" అని గ్లెండా చెయ్యి చాపింది.

అతను ఇవ్వలేదు. చట్టం ప్రకారం తన నేలలో దొరికింది తనదేనని మర్యాదగా గుర్తు చేశాడు. గ్లెండా అతని అరచేతిలోంచి తాళంచెవి తీసుకుని కోటు లోపలి జేబులో పెట్టుకుంది. అప్పుడు పోయింది అతని నవ్వు. అలా తీసుకుపోతే ఈ ఎస్టేటులో మీరు మళ్ళీ అడుగు పెట్టరు, మీరే కాదు, మీ క్లబ్బు కూడా అన్నాడు. క్లబ్బు తిరిగే చేలలో ముప్పాతిక వంతు అతనివే. నెవిల్ మొహం పాలిపోయింది. ఇచ్చెయ్యి గ్లెండా అంటాడని ఆమె అతని వైపు చూసింది. నెవిల్ గేటు వైపు చూశాడు.

"వేరే చేలు వెతుక్కుందాంలే" అన్నాడు చివరికి. "అయినా ఇక్కడన్నీ సీసా మూతలే."

గ్లెండా పార అందుకుంది. తీసిన మట్టిని గుంతలోకి తోసి, బూటుకాలితో అణిచి, మీద కొయ్యకాళ్ళ గడ్డి సర్ది, పక్కనే పడిన మట్టిపెళ్ళలు కూడా చేత్తో ఏరి వేసింది. ఆల్డ్రెడ్ అక్కడే నిలబడి ఉన్నాడు, చెప్పింది అర్థమైందా అన్నట్టు.

"సగం సగం అనుకున్నాం మిస్టర్ ఆల్డ్రెడ్" అంది లేచి చేతులు దులుపుకుంటూ. "గుంత మీది, పూడ్చి అప్పజెప్పాను. తాళంచెవి మాది. మీవాళ్ళు అప్పుడూ అడిగారు. అప్పుడూ ఇవ్వలేదు."

మిషన్ భుజాన వేసుకుని సైకిలు వైపు నడిచింది. నెవిల్ ఆమె పార పట్టుకుని వెనకే వెళ్ళాడు. ఆల్డ్రెడ్ తన వాటా చూసుకుందామని నేల వైపు చూశాడు. గుంత ఎక్కడుండేదో ఆనవాలు కూడా లేదు.